తువ్వాలు టీచరు

తిరువూరు ఎలిమెంటరీ స్కూల్లో ఆ రోజుల్లో మూడో తరగతి చదివినవాళ్ళని ఎవరినైనా అడగండి. ప్రేమావతి టీచరు దగ్గర అబద్ధం చెల్లేది కాదని చెబుతారు. పలక నేనే పగలగొట్టానండీ అని ఒప్పుకుంటే ఆమె పల్లెత్తు మాట అనేది కాదు. పిల్లి తోసేసిందండీ అంటే మాత్రం చెయ్యి చాపమనేది. "పిల్లికి నీ పలకతో ఏం పనిరా, ఎక్కాలు నేర్చుకోడానికొచ్చిందా?" అని అడిగి మరీ బెత్తం అందుకునేది. తప్పు చేసిన పిల్లలు ముందే వచ్చి, చేతులు కట్టుకుని, "టీచరుగారూ, నిజం చెబుతా, కొట్టొద్దు" అని బేరం పెట్టేవాళ్ళు.

అంతటి మనిషి ఒక ఏడాది ఊరందరికీ అబద్ధం చెప్పింది. ఊరితో ఆగినా బాగుండేది, దేవుడి దగ్గరకి కూడా చేరిందది. అసలు చెప్పింది అనడం కూడా సరికాదు. పక్కవాళ్ళు అంటుంటే ఊరుకుంది, అంతే. ఊరుకోవడం ఎంత పెద్ద అబద్ధమో ఆమెకి ఆ ఏడాదే తెలిసొచ్చింది.

ఆమె భర్త సుందరరావు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మాట తక్కువ మనిషి. చుట్టుపక్కల పల్లెల రైతులు గేదెలని తోలుకొచ్చి, చూడి కట్టిందో లేదో చూసి చెప్పమని ఆయన చుట్టూ తిరిగేవాళ్ళు. ఇంట్లో మాత్రం పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఉయ్యాల కట్టే అవసరం రాలేదు. గుంటూరులో పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇంక ఆశ పెట్టుకోవద్దని ఇంగ్లీషులో రాసిచ్చిన కాయితం ట్రంకుపెట్టెలో, పెళ్ళి చీర కింద ఉండేది.

డెబ్భై ఏడు నవంబరులో దివిసీమకి ఉప్పెన వచ్చినప్పుడు, మిగిలిన పశువులకి సూదులు వేయడానికి సుందరరావుని కూడా పంపారు. పది రోజులుండి వచ్చాడు. వచ్చి నాలుగు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోవడమే గాని తిన్నది లేదు. ఐదో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ, బావి గిలక వంక చూస్తూ అన్నాడు.

"ప్రేమా, మనం ఒక బిడ్డని తెచ్చుకుందామా?"

ప్రేమావతి చేతిలో చేద జారి బావిలో పడింది. పన్నెండేళ్ళుగా ఆ మాట ఆయన నోట ఎప్పుడు వస్తుందా అని చూస్తోంది ఆమె. వచ్చాక మొదట కలిగింది సంతోషమే. రెండో క్షణంలో, "ఊళ్ళో తెలిస్తే ఏమనుకుంటారండీ?" అంది. ఆ రెండో క్షణాన్ని తలుచుకుని తర్వాత ఆమె చాలాసార్లు సిగ్గుపడింది.

బందరులో ఒక అనాథ శరణాలయం ఉంది. ఉప్పెన తర్వాత పిల్లలు ఎక్కువయ్యారని, మంచి కుటుంబాలు ఉంటే చెప్పమని వాళ్ళు చర్చిలకి ఉత్తరాలు రాశారు. దరఖాస్తు తెప్పించుకుంటే అది నాలుగు పేజీలు ఉంది. ఇద్దరి జీతం సర్టిఫికెట్లు, డాక్టరు కాయితం, తెలిసినవాళ్ళు ఇద్దరి జామీను, పాస్టరుగారి ఉత్తరం, ఇంటి వివరం, తాగే నీళ్ళు ఎక్కడివో కూడా రాయాలి. పాస్టరుగారి ఉత్తరం తిరువూరులో రాయప్ప అయ్యగారి దగ్గర తీసుకుంటే సరిపోయేది. ఆయనకి చెబితే అయ్యగారి భార్యకి తెలుస్తుంది, ఆవిడకి తెలిస్తే ఊరికి తెలుస్తుంది. అందుకని ప్రేమావతి బస్సెక్కి పుట్టిల్లు గంపలగూడెం వెళ్ళి, తనకి చిన్నప్పుడు వాక్యాలు నేర్పిన ముసలి పాస్టరు చేత రాయించుకొచ్చింది. జామీను సంతకాలు కూడా అక్కడివాళ్ళవే.

జనవరిలో ఇద్దరూ బందరు వెళ్ళారు. శరణాలయం గేటుకి ఒక పిల్ల వేలాడుతోంది. నాలుగేళ్ళుంటాయేమో. పేలకని తల గొరిగించారు, ఎవరిదో పెద్ద గౌను మోకాళ్ళ కిందికి జారుతోంది. వచ్చినవాళ్ళందరినీ అడిగే ప్రశ్నలాగే ఉంది, తడుముకోకుండా అడిగింది.

"ఎవరికోసం వచ్చారు?"

వాళ్ళ దరఖాస్తులో 'పసిబిడ్డ, ఆరు నెలల లోపు' అని రాసుంది. ప్రేమావతి పిల్ల మొహం చూడకుండా, "ఎవరికోసమూ కాదమ్మా" అంది. పిల్ల గేటు దిగి దారిచ్చింది.

లోపల సరోజినీదేవి గారని, విచారణలన్నీ చూసే ఆవిడ కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ మనిషి, ఖద్దరు చీర, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. కాయితాలన్నీ చదివి బాగున్నాయంది. పసిబిడ్డలు తక్కువే గాని ఈసారి వస్తే వరసలో ముందు మీ పేరే అంది. ఆ తర్వాత చట్టం సంగతి చెప్పింది. క్రైస్తవులకి దత్తత చట్టం వర్తించదు. జిల్లా కోర్టు వాళ్ళిద్దరినీ బిడ్డకి గార్డియన్లుగా మాత్రం నియమిస్తుంది.

"తల్లి అని ఎక్కడా రాయరాండీ?" అని అడిగింది ప్రేమావతి.

"కాయితం మీద రాయరమ్మా. ఇంట్లో ఏమని పిలిపించుకుంటారో మీ ఇష్టం."

తిరుగు బస్సులో బెజవాడ దాకా ప్రేమావతి ఆ మాటే నెమరేసుకుంది. కాయితం అమ్మ అననంటోంది. వీధి ఎట్లాగూ అనదు, గొడ్రాలు తెచ్చుకున్న పిల్ల అంటుంది. మరి తనని అమ్మ అనేదెవరు? ఈ ఆలోచన ఆమె మనసులో పడింది చూశారూ, తర్వాత జరిగిందంతా దాని పుణ్యమే.

ఫిబ్రవరిలో ఒక గురువారం స్త్రీల ప్రార్థన హన్నమ్మ ఇంట్లో జరిగింది. హన్నమ్మ వీళ్ళ పక్కింటామె. కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. వరసేమీ లేకపోయినా ప్రేమావతిని వదినా అని పిలిచేది, పొద్దున లేస్తే పాలకి, సాయంత్రమైతే కబుర్లకి ఒకే గడప లాగా తిరిగేవాళ్ళు. ఆ రోజు ప్రార్థన మధ్యలో ప్రేమావతికి కడుపులో తిప్పి, పెరట్లోకి పరిగెత్తి కక్కుకుంది. నిజానికి అది ముందురోజు మిగిలిన వంకాయ కూర చేసిన పని. లోపలికి వచ్చేసరికి పదిమంది ఆడవాళ్ళు ఆమెనే చూస్తున్నారు. హన్నమ్మ కళ్ళు పెద్దవి చేసి నవ్వుతోంది.

"వదినా! మొన్న లీవు పెట్టి బెజవాడ బస్సెక్కింది ఇందుకేనా? నాకు కూడా చెప్పలేదేం?"

కాదు అనాలి. రెండక్షరాలు. ప్రేమావతి నోరు తెరిచింది. ఆ పదిమంది ముఖాల్లో, పన్నెండేళ్ళలో ఎప్పుడూ తనకోసం వెలగని వెలుగు కనిపించింది. ఆమె నోరు మూసుకుని తల దించుకుంది. తల దించుకున్న ఆడదాన్ని చూస్తే మనవాళ్ళకి ఇంక సాక్ష్యం ఎందుకు? ఒకామె వీపు నిమిరింది. ఇంకొకామె మజ్జిగ తెచ్చింది.

ఇంతవరకూ అయితే, రేపు కాదు ఎల్లుండి సర్దుకోవచ్చు. ఆదివారం చర్చిలో రాయప్ప అయ్యగారు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి, "మా సహోదరి ప్రేమావతి కన్నీళ్ళు చూసిన దేవా, పన్నెండేళ్ళకి ఆమె ఒడి నింపబోతున్న దేవా, నీకు స్తోత్రం" అన్నారు. సంఘమంతా ఒక్క గొంతుతో స్తోత్రం అంది. ఊళ్ళో ఏ గేదె చూడి కట్టిందో అందరికంటే ముందు తెలిసే సుందరరావుకి, తన భార్య సంగతి మగవాళ్ళ వరసలో కూర్చుని అప్పుడే తెలిసింది. ఆయన కళ్ళు తెరిచి ఆడవాళ్ళ వైపు చూశాడు. ప్రేమావతి చూడలేదు.

ఇంటికొచ్చాక తలుపు వేసి అడిగాడు.

"అయ్యగారు ఎవరి గురించి ప్రార్థన చేశారు?"

ఆమె ఏడ్చింది. వంకాయ కూర దగ్గర్నుంచీ చెప్పింది.

"సాయంత్రం పోయి చెప్పేద్దాం పద," అన్నాడు.

"ఎట్లా చెప్పమంటారండీ? మనుషులకి చెప్పిందైతే మాట మార్చుకోవచ్చు. దేవుడికి కృతజ్ఞతలు చెల్లించేశారు! ఇవ్వని వరానికి వందనాలు అందుకున్నాడని ఆయనకి ఎవరు చెబుతారు?"

సుందరరావు గడప మీద కూర్చున్నాడు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు. మనింట్లో ఆలు ఉంది, అదొక్కటే తేడా. రోజులు దగ్గర పడితే తేలిపోతుంది ప్రేమా. నేను రోజూ చూసే సంగతేగా," అన్నాడు.

ఆమె అప్పటికే దానికో ఉపాయం ఆలోచించుకుంది. కాన్పుకి పుట్టింటికని గంపలగూడెం పోవడం, బందరు బిడ్డని అక్కడికే తెచ్చుకుని, ఒళ్ళో పెట్టుకుని తిరిగిరావడం. అప్పుడు వీధంతా అమ్మ అంటుంది, బిడ్డ కూడా అంటుంది, కాయితం ట్రంకుపెట్టెలో పడి ఉంటుంది. నెలలు సరిపోతాయా, బిడ్డ ఎప్పుడు వస్తుంది, లెక్క ఎట్లా కుదురుతుందని మూడో తరగతికి లెక్కలు చెప్పే టీచరుకి తట్టలేదు. అవసరమున్నవాళ్ళకి లెక్కలు రావు.

సుందరరావు మళ్ళీ అడగలేదు. అడగకపోవడం తన తప్పని ఆయన చివరిదాకా అంటుండేవాడు.

మార్చి వచ్చేసరికి ఆమె చీర కుచ్చెళ్ళ వెనక ఒక తువ్వాలు మడత చేరింది. ఎండలు ముదిరేకొద్దీ తువ్వాలు కూడా ముదిరింది. స్కూల్లో హెడ్మిస్ట్రెస్ ఆమెకి కుర్చీ వేయించింది. పిల్లలు నీళ్ళ బిందె ఎత్తనిచ్చేవాళ్ళు కాదు. వీధిలో ఎవరింట మామిడికాయ కోసినా నాలుగు ముక్కలు ఉప్పుకారం అద్దుకుని ఆమె ఇంటికి వచ్చేవి. ప్రేమావతి అవి తినేది, తిన్న ప్రతిసారీ సిగ్గుపడేది. దొంగకి తేలు కుట్టినట్టు, ఎవరికీ చెప్పుకోలేదు. ఉక్కకి నడుం చుట్టూ చెమటకాయలు పేలి మండుతుంటే, నాకిట్లా కావలసిందే అనుకునేది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ హన్నమ్మ కొట్టింది, ప్రేమతో. ఒక మధ్యాహ్నం కొంగు చాటున కాయితం పొట్లం పట్టుకొచ్చింది. అందులో పసిపిల్లల జుబ్బా, లేత పసుపు రంగుది, మెడ దగ్గర చిన్న కుట్టుపువ్వు. కలరా ఉండల వాసన వేస్తోంది. హన్నమ్మకి ఆరేళ్ళ కింద ఒక ఆడపిల్ల పుట్టి, పదకొండు రోజులు బతికి పోయింది. ఆ పదకొండు రోజుల్లో పిల్ల తొడుక్కున్న జుబ్బా అదొక్కటే మిగిలింది.

"ఎవరికీ ఇవ్వలేదు వదినా. మా చెల్లెలు అడిగినా ఇవ్వలేదు. నీ బిడ్డ తొడుక్కుంటే నా బిడ్డ తొడుక్కున్నట్టే," అంది.

ఆ క్షణాన భూమి చీలితే బాగుండునని ప్రేమావతికి అనిపించింది. చీలలేదు. ఆమె రెండు చేతులూ చాపి జుబ్బా తీసుకుంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఈ కథలో ఆమెని సమర్థించడానికి ఇక్కడ నాకు మాట దొరకదు.

ఏప్రిల్ చివర, సెలవులిచ్చిన నాలుగో రోజు, సరోజినీదేవి గారు చెప్పాపెట్టకుండా దిగింది. బిడ్డని ఇచ్చే ముందు ఇల్లు చూస్తారని ప్రేమావతికి తెలుసు గాని, ముందుగా కార్డు రాస్తారనుకుంది. కార్డు రాసి వస్తే ఎవరిల్లైనా శుభ్రంగానే ఉంటుందని, ముప్పై ఏళ్ళుగా అదే పని చేస్తున్న ఆవిడకి తెలియదా? బస్టాండు నుంచి రిక్షాలో వచ్చి, వీధి మొదట్లో దిగి, ముందు ఇరుగుపొరుగుని అడగడం ఆవిడ పద్ధతి. మొదట అడిగింది హన్నమ్మనే.

ప్రేమావతి చాప మీద పడుకుని ఉంది. ఉక్కకి తువ్వాలు తీసి దండెం మీద వేసింది. గుమ్మంలో నీడ పడితే లేచి కూర్చుంది. సరోజినీదేవి గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"మీ పొరుగావిడ మీకు ఐదో నెల అంటోంది. బంగారంలాంటి మనుషులు, దేవుడు ఇన్నాళ్ళకి కళ్ళు తెరిచాడు, ఇంక వాళ్ళకి అనాథ పిల్ల ఎందుకండీ అని నన్నే అడిగింది. నా సంచీలో గుంటూరు డాక్టరు కాయితం ఉంది, పిల్లలు పుట్టరని. ఈ రెండిట్లో ఏది నిజమమ్మా?"

ప్రేమావతి లేచి నిలబడింది. తనకి తెలియకుండానే చేతులు కట్టుకుంది, మూడో తరగతి పిల్లల్లాగా. పిల్లి తోసేసిందని చెప్పడానికి కూడా పిల్లి లేదు.

"డాక్టరు కాయితమే నిజమండీ," అంది.

అంతా విన్నాక సరోజినీదేవి గారు కేకలేయలేదు. వేసుంటే బాగుండేది.

"బిడ్డలు లేకపోవడం తప్పు కాదు. బిడ్డ కావాలని ఆశపడటం తప్పు కాదు. బిడ్డని తెచ్చుకోవడం సిగ్గు అనుకునే ఇంట్లో బిడ్డని ఎట్లా వదిలిపెట్టమంటారు? రేపు మీ సిగ్గుని ఆ పసిది మొయ్యాలి. ఎవరో ఒకరు వీధిలో నిజం చెబుతారు, దానికి పదేళ్ళప్పుడు. ఆ రోజు అది మిమ్మల్ని అమ్మా అనదు."

"ఇంక మాకు ఇవ్వరాండీ?"

"నేనిప్పుడు సంతకం పెట్టను. రెండు నెలలకి మళ్ళీ వస్తాను. ఈ వీధిలో ఏ ఇంట్లో అడిగినా ఒకటే మాట వినపడాలి, ఆ మాట మీరు చెప్పిందై ఉండాలి. లేకపోతే దరఖాస్తు చింపేస్తాను."

మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. పదిహేను రోజులకి కార్డు వచ్చింది. మూడు వారాల ఆడశిశువు వచ్చిందని, వరసలో తర్వాతి దంపతులకి ఇచ్చామని. ప్రేమావతి ఆ కార్డు చదివి, సుందరరావు చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. సుందరరావు కూడా లోపలికొచ్చి పక్కన కింద కూర్చున్నాడు.

"తీసుకెళ్ళినవాళ్ళు మంచివాళ్ళయి ఉంటారు లెండి. అబద్ధమాడి ఉండరు," అంది ప్రేమావతి.

వాళ్ళ చర్చిలో వాక్యం అయ్యాక సాక్ష్యాలకి సమయం ఇస్తారు. జ్వరం తగ్గినవాళ్ళు, కొడుక్కి ఉద్యోగం వచ్చినవాళ్ళు, ఎద్దు దొరికినవాళ్ళు లేచి, దేవుడు చేసిన మేలు చెప్పి కూర్చుంటారు. మే నెల రెండో ఆదివారం ప్రేమావతి లేచింది. తువ్వాలు లేదు. ఐదున్నర నెలల కడుపు ఒక్క వారంలో ఏమైందో అర్థం కాక ఆడవాళ్ళ వరసలో గుసగుసలు మొదలయ్యాయి. హన్నమ్మ మొహం పాలిపోయింది. పాపం, కడుపు పోయిందనుకుంది.

"వందనాలండి," అంది ప్రేమావతి. "నాకు కడుపు రాలేదు. పోలేదు కూడా. ఎప్పుడూ లేదు. మీరంతా ఉందనుకుంటే కాదని చెప్పలేదు. నడుముకి తువ్వాలు కట్టుకుని తిరిగాను. మేము బందరు శరణాలయం నుంచి బిడ్డని తెచ్చుకుందామనుకున్నాం. తెచ్చుకున్న బిడ్డని నేనే కన్నానని చెప్పుకోవాలని ఆశపడ్డాను. అయ్యగారి చేత దేవుడికి అబద్ధపు స్తోత్రం చెప్పించాను."

"సరేనమ్మా, కూర్చో," అన్నారు రాయప్ప అయ్యగారు. ఆయన మెడ కూడా ఎర్రబడింది.

"ఇంకో మాట అయ్యగారూ. మీరందరూ పెట్టిన మామిడికాయ ముక్కలు తిన్నాను. అవి తిరిగి ఇవ్వలేను. ఒకరిచ్చినది మాత్రం తిరిగిచ్చేస్తాను."

హన్నమ్మ లేచి, ఎవరి వంకా చూడకుండా, బయటికి వెళ్ళిపోయింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. చర్చి మెట్లు దిగేలోపే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మధ్యాహ్నానికి ఊళ్ళో కాఫీ హోటళ్ళ దాకా పాకింది. ప్రేమావతి ఆ సాయంత్రమే పొట్లం పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. హన్నమ్మ మిషను తొక్కుతూనే ఉంది, తలెత్తలేదు.

"హన్నమ్మా..."

"అక్కడ పెట్టండి టీచరుగారూ."

వదినా లేదు. నువ్వు లేదు. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ప్రేమావతి జుబ్బాని మిషను పక్కన పెట్టి, వచ్చేసింది.

జూన్‌లో స్కూలు తెరిచేసరికి గోడ మీద సుద్దతో పెద్ద అక్షరాలు ఉన్నాయి: 'తువ్వాలు టీచరు'. 'వ' వత్తు కూడా సరిగ్గా పెట్టారు. తన దగ్గర చదివినవాళ్ళే రాసుంటారు. చెరపమని బంట్రోతుకి చెప్పబోయిన హెడ్మిస్ట్రెస్‌ని ప్రేమావతే వద్దంది. వానకి అదే పోయింది. ఆ నెలలో ఒక పిల్ల పలక పగలగొట్టి, మేక తొక్కిందండీ అని చెప్పింది. క్లాసంతా టీచరు వంక చూసింది. ప్రేమావతి బెత్తం మీద చెయ్యి వేసి, తీసేసి, "కూర్చో" అంది. ఆ తర్వాత ఆమె ఏ పిల్లనీ అబద్ధానికి కొట్టలేదు.

జూన్ ఆఖరి వారంలో సరోజినీదేవి గారు అన్నమాట ప్రకారం వచ్చింది. ఆరిళ్ళు తిరిగి, చివర వీళ్ళింటికి వచ్చి, ఈసారి మంచినీళ్ళు అడిగి తాగింది.

"అందరూ ఒకటే చెప్పారు. కొందరు నవ్వుతూ చెప్పారు లెండి. మీ పొరుగావిడ నవ్వలేదు. మీమీద ఆవిడకి చాలా కోపం ఉంది."

"ఉండాలండీ," అంది ప్రేమావతి.

"పిల్లని వీళ్ళకి ఇవ్వొచ్చా అని అడిగాను. మిషను ఆపింది. టీచరుగారు నాకు చేసింది నేను మర్చిపోను, కానీ పిల్లని మాత్రం కళ్ళలో పెట్టుకుంటుంది, ఇవ్వండి అంది. నేను సంతకం పెడుతున్నది ఆ మాట మీద." కాయితం మడిచి సంచీలో పెట్టుకుంటూ అంది, "పసిబిడ్డలు ఇప్పుడు లేరు. ఎప్పటికి వస్తారో చెప్పలేను. పెద్దపిల్లలు ఉన్నారు గాని వాళ్ళని ఎవరూ అడగరు."

ప్రేమావతి సుందరరావు వంక చూసింది. ఆయన తలూపాడు.

"గేటు దగ్గర ఒక పిల్ల ఉండేదండీ, గుండు పిల్ల..."

"నాంచారమ్మా? ఇంకా గేటు దగ్గరే ఉంది."

శ్రావణంలో మళ్ళీ బందరు వెళ్ళారు. జుట్టు రెండు వేళ్ళ మేర పెరిగింది గాని, గౌను అదే. పిల్ల గేటు మీద నుంచి వంగి, ఇద్దరినీ పరీక్షగా చూసింది.

"ఎవరికోసం వచ్చారు?"

"నీకోసమేనమ్మా."

పిల్ల నమ్మలేదు. "అప్పుడు ఎవరికోసమూ కాదన్నారుగా?" అంది.

ఆ ఏడాది ప్రేమావతి ఊరందరితో అబద్ధాలాడింది. ఈ పిల్లతో, ఈ గేటు దగ్గర మాత్రం, నీకోసం రాలేదని నిజమే చెప్పింది. అన్ని అబద్ధాల కంటే ఎక్కువగా ఆ నిజానికే ఆమె సిగ్గుపడింది.

"అన్నానమ్మా. తప్పయింది," అంది.

నాంచారమ్మ కాసేపు ఆలోచించి గేటు దిగింది. కోర్టు కాయితాల్లో గార్డియన్లు అని రాశారు. ప్రేమావతి ఆ మాట కింద, తడుముకోకుండా, గుండ్రని అక్షరాలతో సంతకం పెట్టింది.

తిరువూరులో బస్సు దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. వీధి వీధంతా అరుగుల మీదే ఉంది, ఏ పని లేకపోయినా. సుందరరావు పెట్టె పట్టుకుని ముందు నడిచాడు. ప్రేమావతి పిల్ల చెయ్యి పట్టుకుని, తల వంచుకుని నడిచింది. హన్నమ్మ తన గుమ్మంలో నిలబడి ఉంది. సాక్ష్యం రోజు నుంచీ ఆమె ప్రేమావతితో, ఇచ్చిన జాకెట్టు కుట్టివ్వడానికి తప్ప, మాట్లాడింది లేదు. ఇప్పుడు కూడా ప్రేమావతిని చూడలేదు. పిల్లని చూసి, అడిగింది.

"ఎవరమ్మాయివే నువ్వు?"

ప్రేమావతి పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల మాత్రం తల పైకెత్తింది.

"మా అమ్మ పేరు సీతామాలక్ష్మి. ఉప్పెనలో పోయింది. మా నాన్న కూడా పోయాడు, మా గేదె కూడా. నా పేరు నాంచారమ్మ. వీళ్ళు నన్ను పెంచుకుంటున్నారు."

అంత పెద్ద నిజాన్ని, వీధి మధ్యలో, గొంతు తగ్గించకుండా చెప్పింది. తన పేరూ ఊరూ చెప్పినట్టు. ఐదేళ్ళ పిల్ల తలెత్తుకుని చెప్పిన నిజాన్ని తాను తువ్వాలు కింద దాచాలని చూసింది కదా అనుకుంది ప్రేమావతి. ఆమె కళ్ళు నిండి, చూపు నేలకి వాలింది. పిల్ల అది చూసి భయపడింది.

"టీచరుగారూ, తప్పు చెప్పానా?"

ప్రేమావతి వానలో, బురదలో, పిల్ల ముందు కూర్చుంది.

"లేదు తల్లీ. ఒక్క తప్పు లేకుండా చెప్పావు," అంది.

హన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. లోపలికి పోబోయి, ఆగి, వెనక్కి తిరిగింది.

"పిల్ల పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నదా వదినా? మా పొయ్యి మీద చారు కాగుతోంది. అన్నం కలిపి పట్టుకొస్తా, ఉండు," అంది.